ఊపిరి గుంజ

మృగశిర కార్తె, మూడో రోజు. అంకె: 61.

నేలల కచేరీ వారికి. పాత పుస్తకం నిండింది కాబట్టి కొత్తది మొదలుపెడుతున్నాను. ఈ పదహారెకరాలు మా చేతికొచ్చి ఏడేళ్లయింది. ఏడేళ్లలో ఒక్కరోజు కూడా నేను అంకె రాయడం మానలేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయాను కానీ, గొప్ప కోసమే చెబుతున్నాను.

మొన్న మంచి పదును వాన పడింది. ఎండల్లోనే చల్లిపెట్టిన విత్తన గుళికలు ఈ ఉదయం పగిలి మొలకలు బయటపెట్టాయి. కొర్ర, సజ్జ, కంది, అనుము, అలసంద, నువ్వులు, గోంగూర, ఇంకా నాకు గుర్తురానివి కలిపి పద్దెనిమిది రకాలు. ఒక్కో విత్తనానికి బంకమట్టీ బూడిదా పేడనీళ్లూ పట్టించి ఆరబెట్టడానికి మా వదిన సుంకులమ్మా నేనూ నెలరోజులు నడుములు విరగ్గొట్టుకున్నాం. దున్నడం మాకు లేదు. నేలను ఎప్పుడూ గడ్డీ ఆకులూ కప్పి ఉంచుతాం, ఏడాది పొడుగునా లోపల ఏదో ఒక వేరు బతికి ఉండేలా చూస్తాం.

రోహిణి కార్తెలో మీరు పాత గుంజ పీకి కొత్తది పాతించారు కదా, దాని గురించి ఒక మాట. నేలలోని పురుగూ పుట్రా, కంటికి కనిపించని జీవాలూ వదిలే ఊపిరిని లెక్కగట్టి అంకె చెప్పడమే గుంజ పని అని మాకు తెలుసు. పాతదాని తల మీద మూత, మూత కింద గాలి రంధ్రాలు ఉండేవి. కొత్తది మోకాలెత్తే ఉంది, నున్నగా ఉంది, రంధ్రాలెక్కడో కనబడవు. మీ మనిషిని అడిగితే, "అది తనను తానే పరీక్షించుకుంటుంది, మీరు విప్పకూడదు, తట్టకూడదు, నీళ్లు పోయకూడదు" అని చెప్పి బండెక్కి పోయాడు. సరే, ముట్టుకోము.

వదిన మాత్రం ముట్టుకుంటుంది. శుక్రవారం పొద్దున ఇంటి గడపకు పసుపు పూశాక, మిగిలిన గిన్నె పట్టుకుని పొలానికొచ్చి గుంజ మొదట్లో పూసి బొట్టు పెడుతుంది. వానకు కారిపోకుండా పసుపులో ఆముదం కలుపుతుంది. పాత గుంజకు ఏడేళ్లు చేసింది, కొత్తదానికీ చేస్తోంది.

"యంత్రానికి పసుపేంది వదినా?" అన్నాను ఈరోజు, ఎప్పటిలాగే.

"పెండ్లి రాటకు పూస్తాం గదా. మన బతుకు ఉండాదో పోతాదో చెప్పేది ఇదే. దీనికి పూస్తే నీ సొమ్మేం పోయె?"

నేను దూరంగా నిలబడి నవ్వాను. నేలలు చచ్చి దుమ్ము రేగిన ఏళ్లలో పట్టిన దగ్గుతోనే మా ఆయన పోయాడు. అప్పటినుంచి పసుపు గిన్నె నా వైపు రాదు. పద్దెనిమిదేళ్లు. అది వదిన తప్పు కాదు, ఊరి అలవాటు. నాకు అలాంటి పట్టింపులు లేవని అందరితోనూ చెబుతూ ఉంటాను.

మృగశిర కార్తె, పదో రోజు. అంకె: 52.

తొమ్మిది తగ్గింది. వాన తర్వాత రెండు రోజులు నేల ఉబ్బరించి మళ్లీ సర్దుకోవడం మామూలే. కంగారేమీ లేదు.

మా అన్న ఈరన్న గొర్రెల మందను గుంజ పక్కనున్న ఉత్తరపు చెలకకు మార్చాడు. రాత్రిళ్లు గొర్రెలు పడుకున్న చోట పొద్దున్నే పేడపురుగులు ఉండలు దొర్లించుకుపోతుంటాయి. ఏడేళ్ల కింద ఇక్కడ ఒక్క పేడపురుగు లేదు. దుమ్ము లేవకుండా పన్నెండేళ్లు పరదా కప్పి ఉంచిన నేలను మాకిచ్చారు మీరు. గడ్డపార వేస్తే తిరిగి మొహం మీదికొచ్చేది. వాన పడితే నీళ్లు లోపలికి దిగక, పళ్లెంలో పోసినట్టు నిలబడేవి.

గుంజ రాకముందు, ఆ మొదటి ఏడు, దస్తగిరి అనే తనిఖీదారు వచ్చి నూలు గుడ్డ ఒకటి నేలలో పాతమన్నాడు. నేలకు ప్రాణముంటే నలభై రోజుల్లో గుడ్డను తినేస్తుందట. అన్న తన తువ్వాలు ఇచ్చాడు, నీలం అంచు ఉన్నది. నలభై రోజులకు తవ్వి తీస్తే పాతిపెట్టినట్టే ఉంది. అన్న దాన్ని ఉతికి, ఆరేసి, తలకు చుట్టుకున్నాడు.

"నేలకు నా తువ్వాల నచ్చలేదు," అన్నాడు. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, అందులో ఇదొకటి. ఆ తువ్వాలు ఇప్పటికీ ఉంది. గొర్రెల సంతకు పోయేటప్పుడు మాత్రమే కడతాడు.

ఆ తర్వాత నెలకు గుంజ వచ్చింది. మొదటి అంకె ఆరు. ఆరు నుంచి అరవై ఒకటికి ఎలా తెచ్చామో మా నడుములకు తెలుసు.

ఆరుద్ర కార్తె, రెండో రోజు. అంకె: 37.

అన్నతో పోట్లాడాను. గొర్రెల మూత్రం ఎక్కువై నేల మాడిపోతోందని, మందను గుంజ దగ్గర కట్టొద్దని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు, గొర్రెలకు కూడా తెలుసు.

"పోయినేడు గూడా ఈడనే పండుకున్న్యాయి," అన్నాడు అన్న. "అప్పుడు లేని దోషం ఇప్పుడొచ్చెనా?"

ఇంకా గట్టిగా అరిచాను. ఆయన మందను తోలుకుపోయాడు. మధ్యాహ్నం బువ్వకు రాలేదు. వదిన క్యారేజీ పట్టుకుని మంద దగ్గరకు పోతూ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు.

ఆరుద్ర కార్తె, ఏడో రోజు. అంకె: 26.

గొర్రెలు లేకపోయినా తగ్గింది. అన్నకు క్షమాపణ చెప్పాలి. రేపు చెబుతాను.

అంకె చూపించే పలకలోనే కచేరీని పిలిచాను. మనిషి పలకలేదు, గొంతు పలికింది. గుంజ నంబరు చెప్పాను. ఆ గొంతు కాసేపు ఆలోచించినట్టు నటించి, "గుంజ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది. మీ నేల ఆరోగ్యం పట్ల విచారిస్తున్నాము," అంది. మీరు విచారించడం కాదు, మనిషిని పంపండి అన్నాను. "మీ విన్నపం నమోదైనది," అంది. ఆ గొంతు తల్లిదండ్రులెవరో గానీ మంచి పెంపకం కాదు.

వదిన అంకె చూసి భయపడింది. శుక్రవారం ఒక్కటే చాలదని మంగళవారం కూడా గుంజకు పసుపు మొదలుపెట్టింది.

ఆరుద్ర కార్తె, పన్నెండో రోజు. అంకె: 19.

ఇరవై దాటి కిందికి పడింది. ఈ రోజు నుంచి లెక్క మొదలు. నలభై రోజులు వరసగా ఇరవైకి తక్కువుంటే నేల మీద మళ్లీ పరదా పరుస్తారు. పన్నెండేళ్లు దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. మనుషులను సముద్రం పక్కనున్న మేడలకు తోలేస్తారు.

మేడల గురించి మీకు తెలియదని కాదు, నా పుస్తకంలో ఉండాలని రాస్తున్నాను. అక్కడ తొట్లలో పెంచిన తిండి పెడతారు. కడుపు నిండుతుంది. వదిన అక్కడ పన్నెండేళ్లుండి ఒక్కపూట కూడా తిన్నానని అనలేదు, "అయిపోయింది" అనేది. అన్న పన్నెండేళ్లూ కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడాయనకు అరవై మూడు. ఇంకో పన్నెండేళ్లు కలుపుకుంటే అన్న తిరిగి రాడు. ఇది నేను ఎవరితోనూ అనలేదు. నాకు భయంగా ఉంది.

సాయంత్రం అన్న దగ్గరకు పోయి, గొర్రెల విషయంలో తప్పు నాదేనన్నాను. తలూపాడు. "నీ తువ్వాలు ఇస్తావా?" అని అడిగాను. ట్రంకు పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాడు. గుంజకు పది అడుగుల దూరంలో జానెడు లోతున పాతి, పైన రాయి గుర్తు పెట్టాం.

"ఈసారి కూడా ఉతికి కట్టుకోవాల్సొస్తే?" అన్నాను.

"కట్టుకుంటాలే," అన్నాడు.

పునర్వసు కార్తె, ఆరో రోజు. అంకె: 15.

ఏం చేశామో వరసగా రాస్తే మీరు నవ్వుతారు. పులియబెట్టిన జీవామృతం ఇరవై కుండలు పోశాం. ఎండుగడ్డి ఇంకో వరస కప్పాం. పక్క ఊరి అడవంచు నుంచి తట్టెడు మట్టి తెచ్చి నాలుగు మూలలా కలిపాం. కూలబడ్డ నేలకు పెరుగన్నం తినిపించడం ఒక్కటే మిగిలింది.

విచిత్రమేమిటంటే, చేలో ఏ లోపమూ కనబడదు. కొర్ర మోకాలు దాటింది. కంది మొక్క పీకి చూస్తే వేరుకు బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి, గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. గడ్డి ఎత్తితే కింద తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉన్నాయి. పిడికెడు మట్టి తీసి వాసన చూస్తే తొలకరి వాసనే. కళ్లు ఒకటి చెబుతున్నాయి, అంకె ఇంకొకటి చెబుతోంది.

నేను అంకెనే నమ్ముతున్నాను. ఏడేళ్లు రోజూ నా చేత్తో రాసిన అంకెను కాదంటే, ఇక ఈ పుస్తకాలన్నీ ఎందుకు?

వదిన ఇప్పుడు రోజూ పూస్తోంది. మండలం దీక్షట. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుతో, పసుపు గిన్నెతో చేను గట్టు మీద నడిచిపోతుంది. నేను ఎగతాళి చేయడం మానేశాను.

పుష్యమి కార్తె, అయిదో రోజు. అంకె: 11.

వాన. కలుపు తీశాం. తూర్పు గట్టు తెగితే రాళ్లు పేర్చాం.

ఈరోజు నేనొక పని చేశాను. కచేరీ చదివే పుస్తకంలో అది రాయలేను.

ఆశ్లేష కార్తె, మూడో రోజు. అంకె: 9.

కాగితం వచ్చింది. పదో రోజున తనిఖీదారు పరదాతో వస్తాడు. ఇల్లు ఖాళీ చేసుకుని ఉండమన్నారు.

కొర్ర వెన్ను వేసింది. పచ్చి వెన్నులు గాలికి ఊగుతుంటే చూడలేక ఇంట్లోకి వచ్చేశాను. వదిన విత్తనాలను కుండలకెత్తి మూతలకు పేడ మెత్తుతోంది. పన్నెండేళ్లకు అవి మొలవవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అన్న గొర్రెలను పక్క ఊరి వాళ్లకు అప్పజెప్పడానికి మాట్లాడి వచ్చాడు. ఒక్కో గొర్రె గుణం విడివిడిగా చెప్పి వచ్చాడట. ఇది ఎండలో పడుకోదు, దీనికి కుడి కాలు నొప్పి, ఇది పేరు పెట్టి పిలిస్తేనే నీళ్లు తాగుతుంది అని. అంత మాట్లాడాడా అని వదిన ఆశ్చర్యపోయింది, తర్వాత ఏడ్చింది.

ఆశ్లేష కార్తె, పదో రోజు. పొద్దున అంకె: 9.

ఈరోజు చాలా రాయాలి.

ఎండ రాకముందే బండి వచ్చింది. వెనక తెల్లటి పరదా చుట్ట, చుట్ట మీద నలుగురు పనివాళ్లు. ముందు నుంచి దస్తగిరి దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది, మోకాళ్లు అరిగిపోయాయట. మా చేతికి ఈ నేల ఇచ్చింది ఆయనే, ఇప్పుడు తీసుకోవడానికీ ఆయన్నే పంపారు. మీకు మనసు లేదని అనను కానీ, ఉన్నదాన్ని వాడటం లేదు.

"నా చేతిలో ఏం లేదమ్మా," అన్నాడు. "నలభై దినాలు ఇరవైకి కిందనే ఉండాది. కాగితం వచ్చినాక నేను పర్సాల్సిందే."

"పరుస్తువులే. ముందు ఒక గుంత తవ్వనియ్యి," అన్నాను.

"గుంతెందుకు?"

"మా అన్న తువ్వాల ఉండాది లోపల."

ఆయన అన్న వైపు చూశాడు. ఏడేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఉతికి తలకు కట్టుకున్నావే, ఆ తువ్వాలనా?"

అన్న తలూపాడు. రాయి పక్కకు దొర్లించి పార పెట్టాడు. తొక్కకుండానే దిగిపోయింది. తిరగేసిన మట్టి నల్లగా, గింజలు గింజలుగా రాలింది. మొదటి పారలో మూడు వానపాములు, రెండో పారలో ఏడు, తర్వాత లెక్క మానేశాను. జానెడు లోతు దాటింది. తువ్వాలు లేదు.

"చోటు తప్పినావేమో," అన్నాడు దస్తగిరి.

"తప్పలేదు," అన్నాడు అన్న. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి జల్లించడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్లకు నీలం దారం ఒకటి తగిలింది. లాగితే మూరెడు వచ్చింది. దానికెదురుగా ఇంకొకటి. తువ్వాలు అంచులవి, అంచు పోగులు నైలానువి. అన్న రెండు దారాలను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో తువ్వాలంత ఖాళీ ఉంది, అంతే.

"తినేసింది," అన్నాడు మెల్లగా. తర్వాత లేచి నిలబడి, పరదా బండి మీది మనుషులు ఉలిక్కిపడేలా అరిచాడు. "తినేసింది! నా తువ్వాల తినేసింది! ఒక్క పోగు మిగల్చలేదు!"

అన్న అరవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి వినడం.

దస్తగిరి ఆ దారాలను చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "చట్టంలో గుడ్డ లేదమ్మా," అన్నాడు. "ఇప్పుడు గుంజ ఒకటే లెక్క. కానీ ఈ మట్టి సూసినాక నేను పరదా ఎట్ల పర్సాల? గుడ్డ అబద్ధం చెప్పదు. అట్లయితే చెప్పేది గుంజనే."

గుంజ దగ్గరకు నడిచి, ఒక చేయి నా భుజం మీద ఆనించి కష్టంగా కూర్చున్నాడు. చుట్టూ ఉన్న గడ్డి తప్పించి, మొదట్లో బొటనవేలి గోటితో గీకాడు. పసుపు పెచ్చు ఊడి వచ్చింది. జొన్నరొట్టె మందం ఉంది. ఆముదంతో కలిసి గట్టిపడి, పొర మీద పొర. దాని కింద వరసగా సన్నటి రంధ్రాలు, ఒక్కటీ తెరిచి లేదు.

"కొత్తదానికి ముక్కు ఈడ పెట్టినారమ్మా, నేలకానుకుని," అన్నాడు. "అది తన కరెంటు సూసుకుంటాది గానీ, ముక్కు మూసినారని దానికేం తెలుసు?" తర్వాత తలెత్తి అడిగాడు. "ఎవురు పూసినారు దీనికి?"

వదిన వాకిట్లోంచి అప్పుడే వచ్చింది. పరదా పరచడానికి వచ్చినవాళ్లయినా ఇంటికొచ్చినవాళ్లే కదా అని పొద్దుటినుంచీ కొర్రన్నం వండుతోంది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమెకు అంతా అర్థమైపోయింది. అంకె తగ్గేకొద్దీ పసుపు పెంచింది, పసుపు పెంచేకొద్దీ అంకె తగ్గింది.

"నేను," అన్నాను.

"కాదు సారూ, నేను," అంది వదిన. "ఆయమ్మకేం తెలీదు. నేనే దినాము పూసినా. నా చేతుల్తోనే మా నేల గొంతు పిసికినా."

"నేను కూడా," అన్నాను మళ్లీ. "పుష్యమి కార్తె అయిదో రోజు. మీరిద్దరూ తూర్పు గట్టు దగ్గర రాళ్లు మోస్తున్నప్పుడు. నీ గిన్నెలోదే, రెండు గుప్పిళ్లు. నీకంటే మందంగా పూసినా."

వదిన గరిటె కింద పడేసింది. "నువ్వా? పసుపు నువ్వు ముట్టినావా?"

"ముట్టినా. మొక్కుకున్నా గూడా."

కచేరీ వారూ, అప్పుడు రాయనన్నది ఇదే. యంత్రానికి పసుపేమిటని ఏడేళ్లు వదినను ఏడిపించిన మనిషిని నేను. పద్దెనిమిదేళ్ల తర్వాత పసుపులో చేయి పెట్టే ముందు ఎవరన్నా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. పట్టింపులు లేవని చెప్పుకున్నవన్నీ ఉత్త మాటలే. చదవండి, నాకు సిగ్గు లేదు.

దస్తగిరి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముందు వేన్నీళ్లు తెండి," అన్నాడు.

కుంకుడు రసం పిసికాం. నీళ్లు పోయకూడదన్న రూలు ఉంది కదా అంటే, రూలు రాసినవాడికి వదిన సంగతి తెలీదన్నాడు. పసుపంతా కరిగించి తుడిచాక, తుమ్మముళ్లు తెచ్చుకుని అందరం గుంజ చుట్టూ కూర్చున్నాం. వదిన, అన్న, నేను, దస్తగిరి, పరదా పనివాళ్లు నలుగురు. ముప్పై రెండు రంధ్రాలు. ఒక్కో మనిషికి నాలుగు. ముల్లు మొనతో తిప్పి తిప్పి శుభ్రం చేశాం. పరదా పనివాళ్లలో ఒకతను తన నాలుగూ అయ్యాక నా వంతులోంచి ఒకటి తీసుకున్నాడు, నా కళ్లకు నీళ్లడ్డం వచ్చి ముల్లు గురి తప్పుతోందని.

తర్వాత కూర్చుని చూశాం. తొమ్మిది. తొమ్మిది. చాలాసేపు తొమ్మిదే. వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పద్నాలుగు. ముప్పై ఒకటి. నలభై ఎనిమిది వచ్చేసరికి పనివాళ్లు లేచి బండెక్కి పరదా తాళ్లు మళ్లీ బిగించడం మొదలుపెట్టారు, ఎవరూ చెప్పకుండానే. మధ్యాహ్నానికి డెబ్బై మూడు.

డెబ్బై మూడు. ఏడేళ్లలో ఎప్పుడూ రాయని అంకె. నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "గొర్రెల కోసం పోవాల," అన్నాడు. "ఎండలో పడుకోనిది ఉండాది, వాండ్లకు గ్యాపకముండదు."

వదిన అందరికీ ఆకులేసి కొర్రన్నం పెడితే, దస్తగిరి మాత్రం ముద్ద ముట్టకుండానే లేచాడు. "గోనెపల్లె," అన్నాడు. "నాలుగు దినాల కింద ఆడ పరదా పర్సినా. ఆ గుంజ మొదట్లో గూడా పచ్చగా ఉన్నట్టుండె. ఎరువు మరక అనుకుంటి. సద్ది కట్టియ్యమ్మా, దోవలో తింటా." వదిన ఎనిమిది మందికి సరిపడా కట్టింది. బండి పరదాతో సహా దుమ్ము లేపుకుంటూ పోయింది. కుంకుడుకాయలూ తుమ్మముళ్లూ ఒక మూటగా నేనిచ్చాను.

ఆశ్లేష కార్తె, పదమూడో రోజు. అంకె: 70.

దస్తగిరి పలకలో పిలిచాడు. గోనెపల్లెలో పరదా లేపేశారు. వారం కూడా కాలేదు కాబట్టి పైరు పాలిపోయిందే గానీ చావలేదట. అక్కడ పూసింది ఒక ముసలాయన, రోజూ. "పసుపు మానమంటే మానరు, గుంజ మార్చమని రాస్తాండా పైకి," అన్నాడు. రాయండి. నేనూ ఇక్కడ రాస్తున్నాను. కచేరీ వారూ, మీ గుంజ ముక్కును నడుమెత్తుకు లేపండి. ఈ దేశంలో దేన్నయినా నేలలో నిలువుగా పాతితే, దాని మొదట్లో ఎవరో ఒకరు పసుపు పూస్తారు. ఇంత చిన్న సంగతి తెలియకుండా యంత్రం ఎలా చేశారు?

వదిన మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. పసుపు గిన్నె బోర్లించేసింది. గడపకు కూడా పూయలేదు. నేనెన్ని చెప్పినా, "నా చేతుల్లోనే ఉండాది దోషం," అంటుంది. అవే చేతులు పద్దెనిమిది రకాల విత్తనాలకు మట్టి పట్టించాయని, తువ్వాలు తిన్న మట్టి ఆ చేతుల్లోంచే వచ్చిందని చెప్పాను. వినలేదు. నేనూ పూశాను కదా, నన్ను తిట్టు అన్నాను. తిట్టలేదు. నాకు ఆమె తిట్లే కావాలనిపించింది.

మఖ కార్తె, ఆరో రోజు, శుక్రవారం.

కొర్ర వెన్నులు బరువెక్కి వంగాయి. ఇంకో పది రోజుల్లో కోత. గొర్రెలన్నీ తిరిగొచ్చాయి. పేరు పెట్టి పిలిస్తేనే నీళ్లు తాగేది చిక్కిపోయింది, ఆ పేరు చెప్పి రావడం అన్న మరిచిపోయాడట.

పొద్దున లేచేసరికి గడపకు పసుపు ఉంది. నా ప్రాణం కుదుటపడింది. వదిన గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి చేను వైపు చూస్తోంది, అడుగు మాత్రం కదపడం లేదు. అలవాటుగా ఎక్కువే కలిపింది, గిన్నెలో సగం మిగిలింది.

"గుంజకు ఒద్దంటిరి," అంది. "ఇది యాడ పొయ్యాల?"

అరుగు మీద కూర్చుని పలక తుడుచుకుంటున్నాను. ఆమె వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. నా కుడి కాలు పట్టుకుని తన ఒడిలోకి లాక్కుంది.

"ఏం చేస్తాండావు వదినా? ఎవరన్నా చూస్తే..."

"చూడనీ. నువ్వొకసారి ముట్టినావు గదా, ఇంకేముండాది." గుప్పెడు పసుపు తీసి మడమ నుంచి వేళ్ల దాకా పూసింది. పగుళ్లలోకి దిగేలా బొటనవేలితో అదిమింది. చేయి చల్లగా ఉంది. "దీనికి బొక్కల్లేవులే," అంది. "ఎంత పూసినా ఊపిరాడుతాది."

ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది కానీ ఆమె పూయడం ఆపలేదు. ఎడమ కాలు నేనే ముందుకు చాపాను.

పసుపు ఆరేదాకా కదలొద్దంది. కదలకుండా కూర్చున్నాను. అన్న మందను తోలుకుపోతూ నా కాళ్లు చూసి, గొర్రెలను అరుగుకు దూరంగా అదిలించుకుపోయాడు. తూర్పు నుంచి మబ్బు పట్టింది, చినుకులు మొదలయ్యాయి. చేను మీద నుంచి తడి మట్టి వాసన వచ్చింది.

అంకె: చూడలేదు.